పోలయ్యకి చెప్పేదెవరు

"పుస్తకాలంటే ప్రాణమండీ, అందుకే ఈ ఉద్యోగంలో చేరాను" అనే పిల్లల్ని చూస్తే నాకు కొంచెం బెంగగా ఉంటుంది. పుస్తకాలంటే ప్రాణమైతే ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, దానికి సర్కారు జీతం ఇవ్వనక్కర్లేదు. లైబ్రేరియన్‌కి కావాల్సింది మనుషుల మీద ఓపిక. అడగడం చేతకాని మనిషి గుమ్మంలో నిలబడి నసుగుతుంటే, ఆ నసుగులో ప్రశ్న ఎక్కడుందో వెతికి పట్టుకునే ఓపిక. అది ఏ ట్రైనింగులోనూ నేర్పరు. నాకూ నేర్పలేదు.

మాది మనుబోలు. నాన్న మిషన్ బడిలో అయ్యవారు. పెళ్ళయిన కొన్నాళ్ళకే నా భర్త విషజ్వరంతో పోయారు. పిల్లలు లేరు. "ఇంట్లో కూర్చుంటే దిగులు తినేస్తుంది, ఏదో ఒకటి చెయ్యి సుగుణా" అని నాన్నే నన్ను మద్రాసులో లైబ్రరీ ట్రైనింగుకి పంపించారు. యాభైల చివర్లో ఉద్యోగం వచ్చింది. ఏ గ్రేడు ఎప్పుడు వచ్చింది, ఎవరి సంతకంతో వచ్చింది అన్నవి ఇక్కడ రాయబోవడం లేదు. అవి నాకే గుర్తు లేవు. గుర్తున్నవి రెండు ఊళ్ళు, కొందరు మనుషులు. వాళ్ళ గురించే చెప్తాను.

తెల్ల ఎన్నులు

మొదట వేసింది బుచ్చిరెడ్డిపాలెం. అక్కడ నా పైఅధికారి గోపాలయ్యగారు. మంచివాడే గానీ, పుస్తకం బయటికి పోవడమంటే ఆయనకి ఇంటి పిల్లని అత్తారింటికి పంపినంత బాధ. అన్నీ అద్దాల బీరువాల్లో పెట్టి తాళాలు తన దగ్గరే ఉంచుకునేవారు. పొడుగు పుస్తకాలు వెనక, పొట్టివి ముందు. పెళ్ళి ఫోటోలో చుట్టాల్లాగా నిలబడి ఉండేవి. ఎవరైనా వచ్చి ఫలానా పుస్తకం కావాలంటే, "ఎందుకు?" అనేది ఆయన మొదటి మాట.

నేను కొత్త ట్రైనింగు మీద ఉన్నదాన్ని. బీరువాలన్నీ ఖాళీ చేసి, ప్రతి పుస్తకానికీ అంకె వేసి, విషయాల వారీగా సర్దాను. ఆయన కుర్చీలోంచి చూస్తూ, "అంకె వేస్తే పుస్తకంలో ఉన్నది మారుతుందా అమ్మాయ్?" అన్నారు. నేను లోపల నవ్వుకున్నాను. నా అంకెల మీద నాకు అంత నమ్మకం.

ఆ నమ్మకం పోగొట్టిన మనిషి పెంచల్రెడ్డి అనే రైతు. ధాన్యం బండి మిల్లు దగ్గర వదిలి, భుజం మీద తుండు సర్దుకుంటూ వచ్చాడు.

"అమ్మా, మా చేలో ఎన్నులు తెల్లగా వస్తా ఉండాయి. పట్టి లాగితే చేతికొచ్చేస్తా ఉండాయి. దీనికేమన్నా పొస్తకం ఉండాదా?" అన్నాడు.

ఉంది. వరి చీడపీడల మీద వ్యవసాయ శాఖవాళ్ళు వేసిన పుస్తకం అప్పుడే వచ్చింది, అంకె వేసి దాని చోట దాన్ని పెట్టాను. సంబరంగా తీసి ఇచ్చాను. అతను బల్ల దగ్గర కూర్చుని పేజీలు తిప్పాడు. పుస్తకమంతా పురుగుల పేర్లతో సర్ది ఉంది. పురుగు పేరు తెలిస్తే, ఏం చెయ్యాలో ఉంది. అతనికి తెలిసింది ఎన్ను తెల్లబడిందని మాత్రమే. కాసేపు చూసి, పుస్తకం మూసి, "మంచిదమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ "మంచిదమ్మా"లో ఎంత నిరాశ ఉందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అతను వెళ్ళాక నేను కూర్చుని పుస్తకం మొదటి నుంచీ చదివాను. కాండం తొలిచే పురుగు అనే అధ్యాయం మధ్యలో, ఎన్ను తెల్లబడి లాగితే ఊడి వస్తుందని ఒకే ఒక్క వాక్యం ఉంది. రైతుకి కావాల్సిన తలుపు అదే. ఆ తలుపు పుస్తకం నడి మధ్యలో, లోపలి గదిలో పెట్టారు.

అప్పటి నుంచి చిన్న చీటీలు రాయడం మొదలుపెట్టాను. పుస్తకం పేరూ కాదు, రాసినవారి పేరూ కాదు. మనిషి నోట ఎలా వస్తుందో అలా. "వరి ఎన్ను తెల్లబడటం", "పసిబిడ్డ పాలు కక్కడం", "బావి నీళ్ళు ఉప్పెక్కడం". ఒక్కోదాని కింద ఫలానా పుస్తకం, ఫలానా పేజీ. గోపాలయ్యగారు ఆ చీటీల పెట్టె చూసి, "ఎన్ను తెల్లబడటం కూడా ఒక సబ్జెక్టేనా?" అని ఎకసెక్కం చేశారు. కొన్నాళ్ళకి, ఎవరూ లేనప్పుడు ఆయనే ఆ పెట్టె దగ్గర నిలబడి వెతకడం చూశాను. "ఏం కావాలండీ?" అంటే చటుక్కున పెట్టె మూత వేశారు. చివరికి, "మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తున్నాయి, అది ఎక్కడ రాశావు?" అన్నారు. రాయలేదు. ఆ రోజే రాశాను.

అందుకని ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే మీకు ముందే చెప్తున్నాను. మనం సర్దేది మనకి తెలిసిన పేర్లతో. వచ్చే మనిషికి ఆ పేరే తెలియదు. తెలిస్తే మన దగ్గరికి ఎందుకొస్తాడు?

కాలువ దాటిన తరువాత

అరవైల మొదట్లో నన్ను సముద్రం ఒడ్డు ఊరికి మార్చారు. ఊరి పేరు రాయను, అక్కడి మనుషులు ఇంకా ఉన్నారు. నెల్లూరులో బస్సెక్కి కాలువ దాకా, అక్కడ పడవ దాటి, ఆ పైన ఇసుకలో నడక. లైబ్రరీ ఒకప్పుడు ఉప్పు కొటారు గుమాస్తాలు ఉండిన పెంకుటిల్లు. ముందు గది చదువుకునేవాళ్ళకి, వెనక గది నాకు.

ఒంటరితనం అంటే ఏమిటో నాకు అంతకు ముందే తెలుసనుకున్నాను. తెలియదు. మనుబోలులో ఏడిస్తే వినేవాళ్ళు ఉండేవాళ్ళు. ఇక్కడ పేపరు చదవడానికి మగవాళ్ళు వచ్చేవాళ్ళు. కరణంగారు, బడి అయ్యవారు, కొట్టు శెట్టిగారు. పేపరు ఒక రోజు ఆలస్యంగా వచ్చేది, అయినా అప్పుడే జరిగినట్టు వాదించుకునేవాళ్ళు. నేను గదిలోకి వస్తే గొంతులు తగ్గిపోయేవి. ఆడవాళ్ళు లోపలికి వచ్చేవాళ్ళే కాదు. మా సంఘం కాలువకి అవతల ఉంది, పాస్టరుగారు ఎప్పుడో గానీ ఇటు రారు. ఆదివారం ఒక్కదాన్నే కూర్చుని పాట పాడుకునేదాన్ని. రెండో చరణానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించి ఆపేసేదాన్ని.

ఊరికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోపు, ఆ వెనక చేపలు పట్టేవాళ్ళ పల్లె, కుప్పం అంటారు. వాళ్ళకీ ఊరికీ చేపల బేరం తప్ప రాకపోకలు తక్కువ. లైబ్రరీకి ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు.

నల్లబల్ల

పంచాయతీ రేడియో మా లైబ్రరీలోనే ఉండేది, బ్యాటరీది. మధ్యాహ్నం వార్తల తరువాత వాతావరణం చెప్పేవారు. తుపానుల కాలంలో ఆ వార్త రాసి పెట్టడం నా పని. వసారాలో నల్లబల్ల మీద, రేడియోలో వచ్చిన మాటలే గుండ్రంగా రాసేదాన్ని. వాయుగుండం, ఆగ్నేయం, వాయవ్య దిశగా పయనం, అన్నీ. జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు ఆ బల్ల ముందు నిలబడి, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయమ్మా" అని మెచ్చుకున్నారు.

నేనూ పొంగిపోయాను. ఆ సాయంత్రం ఆలోచిస్తే తెలిసింది, ఆ బల్ల చదివేది కరణంగారూ, అయ్యవారూ, శెట్టిగారూ. ఆ ముగ్గురిలో ఎవరూ సముద్రంలో కాలు పెట్టరు. కాలు పెట్టేవాళ్ళకి చదువు రాదు, వచ్చినా ఈ దారిన రారు. వార్త నా దగ్గరికి వచ్చి, నా వసారాలోనే ఆగిపోతోంది.

ఒకరోజు రేడియోలో గట్టిగానే చెప్పారు, వేటకి వెళ్ళవద్దని. నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుతుండగా తోపులోంచి నడిచి ఒడ్డుకి పోయాను. తెప్పలు నీళ్ళలోకి తోస్తున్నారు. నన్ను చూడగానే ముందున్న మనిషి చేతిలో తెడ్డు కింద పెట్టి కూర్చున్నాడు. పక్కవాడూ కూర్చున్నాడు. అలా ఒడ్డంతా ఆగిపోయింది. నేను చెప్పిన మాట విన్నారని సంతోషంగా వెనక్కి వచ్చాను. తుపాను మాత్రం పైకి, ఉత్తరానికి పోయింది. మళ్ళీ కొన్నాళ్ళకి అలాగే వెళ్ళాను, అలాగే ఆగారు, ఆసారీ గాలి రాలేదు.

ఆ తరువాత కుప్పానికి పెద్ద, పెదకాపు వీరాస్వామి వచ్చాడు. లోపలికి రాలేదు, వసారా కింద నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు మా మంచికే వస్తా ఉండావు, మాకు తెలియక కాదు. అయితే మావోళ్ళు ఆగింది తుపానుకి కాదు. నువ్వెదురైనావని ఆగినారు. మొగుడు పోయిన మనిషి ఎదురైతే మేం తెప్ప దించం. రెండు తూర్లు పస్తులున్నాం. ఇంక ఒడ్డుకి రాబాక తల్లీ."

"మరి నిజంగా తుపాను వస్తే?"

"వస్తే సముద్రమే చెప్తాది" అన్నాడు. చెయ్యెత్తి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు వెనక గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను. మా క్రైస్తవుల్లో బొట్టు పెట్టుకునే అలవాటు లేదు. భర్త ఉన్నప్పుడు కూడా నా నొసలు ఇలాగే ఉండేది. కాబట్టి ఈ ఊళ్ళో నేనూ అందరిలాంటి మనిషినేలే అనుకుంటూ ఉన్నాను. కాదట. ఏడుపు తీరాక ఇంకొకటి తట్టింది. నేను మోసుకెళ్ళిన మాటని వాళ్ళు వినలేదు, మోసుకొచ్చిన మనిషిని చూశారు. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. మనం ఒక కబురు తెచ్చామనుకుంటాం, ఎదుటివాళ్ళకి అందింది ఇంకో కబురు కావచ్చు.

వసారాలో గంపలు

కుప్పం ఆడవాళ్ళు చేపల గంపలెత్తుకుని పై ఊళ్ళకి పోయి, అమ్ముకుని, ఎండ వాలే వేళకి తిరిగి వచ్చేవాళ్ళు. కాలువ దాటి వచ్చాక మొదట నీడ తగిలేది మా వసారా. మొదట్లో దూరంగా గోడవార కూర్చునేవాళ్ళు. నేను ఒక కుండతో నీళ్ళు పెట్టాను. తాగి, చెంబు బోర్లించి వెళ్ళిపోయేవాళ్ళు, మాట్లాడేవాళ్ళు కాదు. వాళ్ళలో కావమ్మ అనే ఆమె ఒకరోజు నల్లబల్ల వైపు చూపించింది.

"ఆడేం రాసినావమ్మా?"

చదివాను. వాయుగుండం దగ్గరే నన్ను ఆపింది. "అదంతా నాకెందుకు? రేపు పోవచ్చా, కూడదా, అది చెప్పు."

ఆ ప్రశ్నకి నా బల్ల మీద జవాబు లేదు. నేనే లెక్క కట్టి చెప్పాల్సి వచ్చింది. అది మనకి ఎంత దూరంలో ఉంది, ఇటు వస్తోందా అటు పోతోందా, గాలి ఏ వైపు నుంచి లేస్తుంది. కొన్నిసార్లు రేడియోవాళ్ళే తేల్చి చెప్పేవాళ్ళు కాదు. "ఏమో కావమ్మా, తెలియడం లేదు" అంటే, "తెలియదనే మాట గూడా చెప్పక్కా. దాన్నిబట్టి దగ్గర్లోనే వల వేసుకుంటారు" అంది. అప్పుడే మొదటిసారి నన్ను అక్కా అంది. ఆ పిలుపు కోసం ఎన్నాళ్ళనుంచి మొహం వాచి ఉన్నానో ఆ రాత్రి భోజనం చేస్తుంటే తెలిసింది.

"మీ ఆయనకి చెప్తావా మరి?" అని అడిగాను.

నవ్వింది. "ఎట్టా చెప్తానక్కా? తెప్ప పోయేటప్పుడు చెడ్డ మాట నోటెంబడి రాకూడదు. మేము నోరు తెరవం. సద్దికుండ కట్టం, అంతే."

ఆ పద్ధతి ఆమె విడమరిచి చెప్పింది. తెప్ప ఎక్కే మనిషికి ఇంటి ఆడది సద్దికూడు కుండలో పోసి, గుడ్డతో మూతి కట్టి ఇస్తుంది. ఆ కుండ లేకుండా ఎవడూ సముద్రం మీదికి పోడు. ఏ ఉదయమైనా ఆడది కుండ కట్టకపోతే మగవాడు ఎందుకని అడగడు. అడిగితే ఆమె చెడ్డ మాట చెప్పాల్సి వస్తుంది. ఊరికే మళ్ళీ పడుకుంటాడు. తల్లికి కల బాగా లేకపోయినా, పెళ్ళానికి మనసు బాగా లేకపోయినా అలాగే చేసేవాళ్ళట. ఇప్పుడు రేడియో కూడా అందులో చేరింది.

నల్లబల్ల మీద రాయడం తగ్గించేశాను. మధ్యాహ్నం వార్త వినడం, ఆడవాళ్ళు వచ్చేదాకా దాన్ని మనసులో నలగ్గొట్టడం, రాగానే వాళ్ళు అడిగే తీరులో చెప్పడం. ఇన్‌స్పెక్టరుగారు మళ్ళీ వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది, వసారా నిండా గంపలున్నాయి. ఆయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇది లైబ్రరీయా, చేపల అంగడా?" అన్నారు. నేను సంగతి చెప్పబోయాను. వినలేదు. బల్ల మీద మళ్ళీ రాయమన్నారు. రాశాను, ఆయన చూడ్డానికి. ఇలాంటి వాళ్ళు మీకూ దొరుకుతారు. వాదించి లాభం లేదు. వాళ్ళకి కావాల్సింది వాళ్ళకి చూపించి, మీ పని మీరు చేసుకోండి.

ఒక్క తెప్ప

ఆ తరువాతి ఏడు కార్తీకంలో రేడియో ఏ అనుమానం లేకుండా చెప్పింది. ఈసారి మన వైపే. ఆడవాళ్ళు రాగానే చెప్పాను. అందరూ గంపలెత్తుకుని రోజూకన్నా తొందరగా వెళ్ళారు.

ఉదయం ఒడ్డుకి పోకూడదు గనక, తోపు పక్కన ఇసుకదిబ్బ ఎక్కి చూశాను. తెప్పలన్నీ పైకి లాగి ఉన్నాయి. మబ్బు పట్టి, గాలి లేకుండా ఉక్కగా ఉంది. నా బతుకులో అంత తృప్తి నాకు ఎప్పుడూ కలగలేదు. ఎవరికో చెప్పుకోవాలనిపించింది, చెప్పుకునేందుకు ఎవరూ లేరు. దిబ్బ దిగుతుంటే కావమ్మ పరుగున వచ్చింది.

"అక్కా, పోలయ్య తెప్ప లేదు."

"పోలయ్య ఎవరు?"

"కుప్పం చివర ఉంటాడు, ఒంటరోడు. వాడిది చిన్న తెప్ప. నిద్దర పట్టదు వాడికి, అందరికన్నా ముందే లేచి పోతాడు. తెల్లారి చూస్తే తెప్ప లేదు."

"అతనికి ఎవరూ చెప్పలేదా?"

"ఎట్టా చెప్తారక్కా? వాడి పెళ్ళాం కాన్పులో పోయినాది. తల్లీ లేదు. వాడికి కుండ కట్టేదెవురు? వాడి సద్ది వాడే కట్టుకుంటాడు."

"మీలో ఎవరైనా కట్టకూడదా? లేకపోతే చెప్పకూడదా?"

"నా మొగుడు ఉండగా ఇంకొకడికి కుండ కట్టకూడదక్కా. చెడ్డ మాట నోటితో చెప్పకూడదు గదా" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంట్లో మనిషి ఉన్న ప్రతివాడికీ నా కబురు అందింది. ఎవరూ లేనివాడికి అందలేదు. ఇంట్లో ఎవరూ లేకుండా ఎలా బతకాలో ఆ చుట్టుపక్కల నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయినా అటువంటివాడు ఒకడుంటాడని నాకు తోచలేదు.

గాలి మధ్యాహ్నానికి లేచింది. దాని సంగతి వివరంగా రాయను. మా లైబ్రరీ పెంకులు సగం ఎగిరిపోయాయి. నా దగ్గర ఉన్న దుప్పట్లన్నీ బీరువాల మీద కప్పి, మూల కూర్చుని పోలయ్య కోసం ప్రార్థన చేశాను. మొహం తెలియని మనిషి కోసం అంతగా ఎప్పుడూ చేయలేదు. గాలి తగ్గాక కుప్పంవాళ్ళు ఒడ్డు వెంట అటూ ఇటూ వెతికారు. దొరకలేదు.

కొన్ని రోజుల తరువాత, తడిసిన పుస్తకాలు వసారాలో ఆరబెడుతుంటే ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. చేతుల మీద, నడుము మీద తాడు ఒరుసుకున్న పుళ్ళు. తెప్ప మానులకి తనని తానే కట్టేసుకున్నాడట. ఎక్కడో దక్షిణాన పులికాటు వైపు ఒడ్డున పడి, అక్కడి నుంచి నడిచి వచ్చాడట.

"లైబ్రరీ అమ్మవు నువ్వేనా?"

"నేనే."

"తుపాను వస్తాదని నీకు తెలుసంట."

"తెలుసు."

"కుప్పానికంతా తెలుసంట."

"అవును."

"నాకు ఎవురూ చెప్పలేదు" అన్నాడు. కోపంగా అనలేదు. వాన పడింది అని చెప్పినట్టు చెప్పాడు. ఆ మాటకి నేను తల ఎత్తలేకపోయాను. కూర్చోమని గంజి పోసి ఇచ్చాను. తాగి గిన్నె కడిగి పెట్టాడు.

"ఇంక నుంచి రోజూ రా పోలయ్యా. రేడియోలో ఏం చెప్పారో చెప్తాను" అన్నాను.

"నోటితో వద్దమ్మా. మునిగే మాట చెవిన పడితే ఇంక నేను తెప్ప ఎక్కలేను. నా కుండ తెచ్చి ఈడ పెట్టిపోతా. పోదగిన దినమైతే అందులో ఇంత సద్ది వెయ్యి. కాకుంటే బోర్లించి పెట్టు."

"నేను భర్త పోయినదాన్ని. నేను వేసిన సద్ది తెప్ప మీదికి పనికొస్తుందా?"

"నాకూ ఎవురూ లేరు గదమ్మా. దోషం తగలాలంటే ఎవురికి తగలాల?" అన్నాడు.

ఎవరి ఇంటి మనిషినీ కాకపోవడం అలా ఒక్క పనికి అక్కరకొచ్చింది.

అప్పగింత

పోలయ్య కుండ మా వసారాలో అలా చేరింది. చేపలు అమ్ముకుని వచ్చి పెట్టిపోయేవాడు, పొద్దు గూకే ముందు వచ్చి తీసుకుపోయేవాడు. నేను లోపల ఉండిపోయేదాన్ని. అతను వచ్చి కుండ చూసేవాడు. సద్ది ఉంటే గుడ్డ కట్టుకుని వెళ్ళేవాడు, బోర్లించి ఉంటే అలాగే వదిలి వెళ్ళేవాడు. మా ఇద్దరి మధ్య మాటలు దాదాపు లేవు. నేను ఒక్కదాని కోసం వండుకునే అన్నంలో ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పోసేదాన్ని. ఆ పిడికెడు పోసేటప్పుడు నాకు సంతోషంగా ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఊరు ఊరుకోలేదు. "ఏందేందో అనుకుంటా ఉండారక్కా" అంది కావమ్మ.

"ఏమంటున్నారు?"

"నువ్వు పోలయ్యకి కూడు పెడతా ఉండావంట."

"పెడుతూనే ఉన్నాను కదా కావమ్మా" అన్నాను. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. కరణంగారు మాత్రం నన్ను చూస్తే దారికి ఆవలి పక్కన నడిచేవారు.

ఈ ఉద్యోగంలో నేను సర్దినవాటిలో అన్నిటికన్నా బాగా పనిచేసింది ఏదంటే ఆ కుండే అంటాను. దానికి అంకె లేదు. దాని పాఠకుడు ఒక్కడే, అతనికి చదువు రాదు. రోజూ కావాల్సిన జవాబు రోజూ, అతను వినగలిగిన తీరులో, అతను చూసే చోట దొరికేది. బోర్లించిన రోజు ఒక్కసారైనా అతను సముద్రం మీదికి పోలేదు. నేనూ ఏ మధ్యాహ్నమూ రేడియో వినడం మానలేదు. జ్వరం వచ్చినా లేచి విన్నాను. నన్ను నమ్ముకుని ఒక ప్రాణం ఉందని తెలిశాక మానడం ఎలా?

అరవైలు అయిపోవస్తుండగా నన్ను కొడవలూరుకి మార్చారు. నేను నెల్లూరు వెళ్ళి ఇన్‌స్పెక్టరుగారిని కలిసి, ఇక్కడే ఉంచమని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "ఆ మారుమూలకి వెయ్యొద్దని అందరూ నా కాళ్ళు పట్టుకుంటారు. మీరేమిటమ్మా ఉంటానంటారు? అంతగా ఏముంది అక్కడ?" అన్నారు. ఒక మనిషి కుండ ఉందని చెప్తే ఆయన ఏమనుకుంటారో నాకు తెలుసు. చెప్పలేకపోయాను. ఇప్పుడైతే చెప్పేదాన్ని.

నా బదులు వచ్చినతను కుర్రవాడు, చురుకైనవాడు. పుస్తకాలు చూసుకుని, బీరువాలు చూసుకుని, తాళాలు తీసుకున్నాడు. కుండ సంగతి కూడా వివరంగా చెప్పాను. ఓపికగా విని, "అదంతా ఎందుకండీ, బల్ల మీద చక్కగా రాసి పెడతాను, ఎవరైనా చూసుకోవచ్చు" అన్నాడు. అతని అక్షరాలు నా అక్షరాలకన్నా బాగుంటాయి. కావమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చింది గానీ, కుండ తీసుకుంటానని అనలేకపోయింది. అది ఆమె చేతిలో లేదని నాకూ తెలుసు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం చివరిసారి రేడియో విన్నాను. మర్నాటికి గాలి లేదు. కుండలో సద్ది వేసి, ఈసారి లోపలికి పోకుండా వసారాలోనే నిలబడ్డాను. పోలయ్య వచ్చాడు. నా పెట్టె, చాప బయట కట్టి ఉండటం చూశాడు.

"యాడికమ్మా?"

"కొడవలూరుకి మార్చారు. ఇంక ఇక్కడ నేనుండను పోలయ్యా. కొత్తాయన ఉంటాడు. వచ్చి ఆయన్ని అడుగు, చెప్తాడు."

"ఆయన కుండ కడతాడా?"

అతను కుండ ముందు కూర్చుని, గుడ్డ మూతికి చుట్టి, ముడి వేశాడు. వేసిన ముడి విప్పి మళ్ళీ వేశాడు. అన్నేళ్ళలో ఎన్నడూ నోటితో అడగనివాడు, తల ఎత్తకుండా అడిగాడు.

"రేపు పోవచ్చా అమ్మా?"

"పోవచ్చు. గాలి లేదు."

"ఎల్లుండి?"

కాలువ దగ్గర పడవవాడు కేకేస్తున్నాడు. ఎల్లుండి సంగతి రేపు మధ్యాహ్నం గానీ రేడియో చెప్పదు. అప్పటికి నేను కొడవలూరులో ఉంటాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, తెలియదనే మాటే అతనికి చెప్పాను.